చుక్కలకు నమస్తే, జింకలకు జేసీబీ

హైటెక్ సిటీలో గ్రహాంతరవాసులు దిగినట్టు నవల రాస్తారా? రాయండి. కాగితం మీది, కలం మీది. కానీ ఒక చిక్కుంది. పాఠకుడు నమ్మడు.

పళ్లెం ఆకారపు వాహనం వచ్చిందంటే నమ్ముతాడు. పచ్చటి ఒళ్లు, మూడు కళ్లు అన్నా నమ్ముతాడు. కాంతి కంటే వేగంగా వచ్చారన్నా 'సరేలే' అనుకుంటాడు. కానీ ఆ తర్వాత ఒక సీను వస్తుంది చూడండి. ప్రభుత్వంవారు పరుగున వచ్చి, ఆ కొత్త ప్రాణి ముందు నిలబడి, 'అయ్యా, తమరెవరు? ఎక్కణ్నుంచి రాక? ఏం కావాలి?' అని మర్యాదగా అడిగే సీను. అక్కడ టపీమని పుస్తకం మూసేస్తాడు. సైబరాబాద్‌లోనా? మన సర్కారా? కోతలకైనా ఒక హద్దుండొద్దా?

ఇక్కడ కొత్త ప్రాణి కనబడితే మొదటి ప్రశ్న అది కాదు. 'నువ్వు నిలబడ్డ చోట ఎకరం ఎంత పలుకుతోందో తెలుసా?'

పలికేది తక్కువేం కాదు మరి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు. మధ్యలో ప్రభుత్వం మారింది. జెండా మారింది. కుర్చీలో మనిషి మారాడు. పాట మాత్రం మారలేదు. అదే వేలంపాట. ఇంత రేటున్న నేల మీద ఊరికే దిగి, ఊరికే నిలబడి, ఊరికే ఊపిరి పీల్చుకునేవాడు ఎవడైనా సరే, మన రికార్డుల్లో అతిథి కాడు. ఆక్రమణదారు.

అసలు కామెడీ ఏమిటంటే, గ్రహాంతరవాసులను మర్యాదగా పలకరించిన చరిత్ర తెలుగువాళ్లకు ఉంది. నిజంగానే ఉంది. 1977లో నాసా రెండు వాయేజర్ నౌకలను పైకి పంపింది. వాటిలో బంగారు పూత పూసిన రాగి రికార్డులు పెట్టింది. ఎన్ని వేల ఏళ్లకో, ఎవరికో దొరికితే, భూమ్మీద మేమున్నామని చెప్పడానికి. కార్ల్ సాగన్ బృందం అందులో 55 భాషల పలకరింపులు చేర్చింది. అందులో తెలుగు ఒకటి. నమస్తే అంటుంది. తెలుగు మాట్లాడేవాళ్ల తరఫున శుభాకాంక్షలు చెబుతుంది. అంతే. ఎకరం రేటు అడగదు. వాయేజర్ 1 ఆ నమస్తేను మోసుకుంటూ 2012లో సౌరగాలి కూడా సోకని చోటికి, నక్షత్రాల నడుమకు చేరింది.

ఆ నమస్తే బయల్దేరిన 1977 నాటికి ఇక్కడ హైటెక్ సిటీ లేదు. రాళ్లు, గుట్టలు, తుప్పలు, చెరువులు. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి వచ్చి ప్రారంభించారు. ఆ గుట్టల మధ్య ఆ గుండ్రటి భవనం ఏదో గ్రహం నుంచి దిగినట్టే ఉండేది. దాని వెనకాలే దిగినవాళ్లు ఎవరినైనా పలకరించారా? గుట్టను? చెరువును? ఆ నేల మీద మేకలు కాసుకునేవాణ్ని? పలకరింపు ఎక్కడిది? సర్వే నంబరు అడిగారు. నక్షత్రాలకు నమస్తే పంపిన జాతి, పక్కింటి చెరువుకు పంపింది మట్టి లారీ.

సాగనే 1985లో 'కాంటాక్ట్' అని ఒక నవల రాశాడు. అందులో అవతలి లోకంవాళ్లు రేడియోలో ప్రధాన సంఖ్యలు పంపుతారు. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు. బుర్రున్న ప్రాణి ఏదైనా గుర్తుపడుతుందని వాళ్ల నమ్మకం. పాపం, అమాయకులు! ఆ సంకేతం మన ఊరికే అందిందనుకోండి. ఏమవుతుంది? 'కూడండి చూద్దాం. ఇరవై ఎనిమిదా? మళ్లీ కూడండి. పదా? మళ్లీ. ఒకటా? తొమ్మిది రాలేదు కదండీ, మనకు కలిసిరాదు, వద్దులెండి.' కారు వెనక నాలుగు తొమ్మిదుల కోసం లక్షలు పోసి వేలం పాడే మనకు, విశ్వ గణితంతో పనేంటి?

వెటకారం కాసేపు పక్కన పెడదాం. వేరే లోకపు ప్రాణి కోసం ఈ ఊరు నిజంగా వెతికింది. ఎంతమందికి తెలుసు? ఈసీఐఎల్ వైపు టీఐఎఫ్ఆర్ వారి బెలూన్ కేంద్రం ఉంది. 2005 ఏప్రిల్‌లో అక్కణ్నుంచి ఒక పెద్ద బెలూన్ ఎగిరింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టుకొచ్చింది. ఇస్రో ప్రాజెక్టు. ముందు నడిచింది జయంత్ నార్లీకర్. ఖగోళ శాస్త్రవేత్త, పైగా మరాఠీలో సైన్స్ ఫిక్షన్ రాసిన చెయ్యి. పెద్దదిక్కుల్లో ఒకరు, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని నిలబెట్టిన పి.ఎం. భార్గవ. ఆ గాలిని ఇక్కడ సీసీఎంబీలోనూ, అక్కడ పుణెలోనూ విడివిడిగా పరీక్షించారు. 2009లో ఫలితం చెప్పారు. మూడు కొత్త బాక్టీరియాలు దొరికాయి. ఒకదానికి ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు. భూమ్మీది దగ్గరి బంధువుల కంటే ఇవి అతినీలలోహిత కిరణాలను గట్టిగా తట్టుకుంటున్నాయన్నారు. మరి వేరే లోకం నుంచే వచ్చాయా? అలా రుజువు కాలేదని వాళ్లే చెప్పారు.

చూశారా తీరు? కంటికి కనబడని ప్రాణి. దానికోసం ఆకాశం ఎక్కారు. చెయ్యి తగిలి మైల పడకుండా కాపాడారు. ఒకచోట చాలదని రెండుచోట్ల చూశారు. ఏళ్లు ఆగారు. తేలినదే తేలిందన్నారు, తేలనిది తేలలేదన్నారు. ఇంత ఓపిక ఉన్న ఊరే ఇది. ఆ ఓపిక సచివాలయం మెట్ల దాకా ఎందుకు రాలేదు?

అదే బెలూన్ కేంద్రం ఇంకో కథ కూడా చెప్పింది. 2022 డిసెంబరు 7. పొద్దున్నే హైదరాబాద్ ఆకాశంలో తెల్లగా ఏదో తేలింది. ఫోన్లు పైకి లేచాయి. 'యూఎఫ్‌వో దిగింది మామా!' గ్రూపుల్లో ఒకటే లొల్లి. అదే రోజు వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఒక పొలంలో వింత గోళం లాంటిది దిగింది. జనం మూగారు. చివరికి తేలిందేంటి? మన టీఐఎఫ్ఆర్ కేంద్రం నుంచే ఎగిరిన బెలూన్ అది. డబ్బున్న మారాజులను అంతరిక్షం అంచుదాకా షికారు తిప్పాలని స్పెయిన్ కంపెనీ హాలో స్పేస్ చేసుకున్న పరీక్ష. మన ఊళ్లో ఎగిరింది, మన పక్క జిల్లాలో దిగింది, మధ్యలో తెలియనిది మనకే. ఐటీ రాజధాని అట. ఫార్మా రాజధాని అట. ఇప్పుడు ఏఐ రాజధాని కూడానట. నెత్తిమీద ఎగిరేది ఏమిటో తెలియని రాజధాని!

ఆ రోజు పద్ధతిగా ఉన్నది ఎవరయ్యా అంటే పల్లె. చుట్టూ నిలబడింది. తేరిపార చూసింది. అధికారులకు కబురంపింది. ఎవరూ జేసీబీ తేలేదు. రాత్రికి రాత్రే ప్లాట్లు కొట్టలేదు. 'ప్రీ లాంచ్ ఆఫర్' ఫ్లెక్సీ కట్టలేదు. తెలియని వస్తువు ముందు మనిషి ఎలా నిలబడాలో మర్పల్లి పొలం చూపించింది.

ఎలా నిలబడకూడదో మూడేళ్లు తిరక్కుండానే గచ్చిబౌలి చూపించింది.

2025 మార్చి ఆఖరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి. 400 ఎకరాలు. ఐటీ పార్కుల పేరుతో వేలం వేయాలని పథకం. ముహూర్తం ఎప్పుడు పెట్టారు? ఉగాది, రంజాన్. కోర్టుకు సెలవు. ఆఫీసుకు సెలవు. జేసీబీకి మాత్రం సెలవు లేదు. పదులకొద్దీ దిగాయి. రాత్రి కూడా లైట్లు వేసుకుని మరీ నరికాయి. అడ్డొచ్చిన విద్యార్థులను పోలీసులు వ్యాన్లలోకి ఎక్కించారు. జనమంతా పచ్చడి తిని పంచాంగం వింటున్న పూట అడవికి శ్రాద్ధం పెట్టారు.

నవలలో క్లైమాక్సు ఇలాగే కదా ఉంటుంది? అర్ధరాత్రి. కళ్లు చెదిరే వెలుగు. నేల అదిరే యంత్రాలు. ఎన్నడూ వినని చప్పుడు. ఎటు పరిగెత్తాలో తెలియని ప్రాణులు. కాకపోతే ఇక్కడ పరిగెత్తింది జింకలు. అరిచింది నెమళ్లు. యంత్రాలేసుకుని దిగిన గ్రహాంతరవాసులం మనమే.

ఆ తర్వాతి అంకం ఇంకా రంజుగా ఉంది. అక్కడ పులులూ లేవు, జింకలూ లేవు, అభివృద్ధికి అడ్డుపడే గుంట నక్కలే ఉన్నాయని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సెలవిచ్చారు. మరి వీడియోల్లో కనబడేవి? ఏఐ మాయ అన్నారు. నిజమే, కొన్ని బొమ్మలు ఏఐ గీసినవే. ఆ కొన్నిటిని పట్టుకుని, అడవికి అడవే ఏఐ అన్నంత పని చేశారు. అక్కడి పుట్టగొడుగు ఆకారపు బండ ముందు జేసీబీలు, జింక, నెమలి ఉన్న జిబ్లీ బొమ్మను షేర్ చేసినందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణికే పోలీసు నోటీసు వెళ్లింది. ఏఐ సిటీ కడతామని దేశదేశాలు తిరిగే సర్కారు, ఒక ఏఐ బొమ్మను చూసి జడుసుకుంది! పెట్టుబడిదారు ముందు ఏఐ అంటే భవిష్యత్తు. విద్యార్థి చేతిలో అదే ఏఐ అంటే కేసు.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అడిగింది. వెళ్లి చూసి రండి అని తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్‌ను పంపింది. పొద్దున చెబితే మధ్యాహ్నానికి నివేదిక అందింది. సుమారు 100 ఎకరాలు చదును. నెమళ్లు ఉన్నాయి. జింకలు ఉన్నాయి. పక్షులు ఉన్నాయి. అటవీ శాఖ ఉన్న సర్కారుకు, సర్వే శాఖ ఉన్న సర్కారుకు, డ్రోన్లున్న సర్కారుకు కనబడని జింక, కోర్టు అధికారికి ఒక్క పూటలో కనబడింది. జింక దాక్కుందా? సర్కారు కళ్లు మూసుకుందా? పనులు ఆపమంది కోర్టు. సెలవులు చూసుకుని అంత తొందరేమిటని నిలదీసింది. పోయిన పచ్చదనాన్ని తిరిగి ఎలా తెస్తారో చెప్పండి, లేదంటే అక్కడి చెరువు గట్టునే తాత్కాలిక జైలు కట్టి అధికారులను పెట్టాల్సి వస్తుందని జస్టిస్ గవాయ్ ధర్మాసనం తర్వాత హెచ్చరించింది కూడా.

సర్కారువారి మాటా విందాం. భూమి యూనివర్సిటీది కాదు, మాదే. 2024లో సుప్రీంకోర్టులోనే గెలిచాం. నిజమే, గెలిచారు. ఎవరు కాదన్నారు? పట్టా మీదైతే ప్రాణం కూడా మీదేనా? పహాణీలో జింక కాలమ్ లేదు కాబట్టి జింకే లేదా?

ఆ యూనివర్సిటీ ప్రాంగణంలో దొరికిన ఒక సాలీడు ఉంది. 2010లో శాస్త్రలోకానికి పరిచయమైంది. దాని పేరు మర్రీషియా హైదరాబాదెన్సిస్. ఊరి పేరే తన పేరు. ఆధార్ లేదు. రేషన్ కార్డు లేదు. ఓటు అసలే లేదు. అయినా మనలో చాలామంది కంటే అది పక్కా లోకల్. ఎనిమిది కాళ్లున్న ప్రాణి కోసం నవలా రచయిత వేరే గ్రహం దాకా పోవడం దేనికి? గచ్చిబౌలి బస్సెక్కితే చాలు.

గచ్చిబౌలి బండలు చూశారా ఎప్పుడైనా? దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. రాక్షసి బల్లులు పుట్టకముందు నుంచి ఉన్న రాయి. అవి వచ్చాయి, పోయాయి, రాయి నిలబడింది. సైబరాబాద్ వచ్చింది. కంప్రెసర్‌తో కన్నం వేసింది. మందు కూరింది. పొక్లెయిన్‌తో ఎత్తిపోసింది. ఆ తర్వాత అక్కడే కట్టిన టవర్ లాబీలో అందం కోసం ఒక ప్లాస్టిక్ బండ పెట్టింది. పక్కన ఫౌంటెన్.

హెచ్.జి. వెల్స్ 1898లో 'వార్ ఆఫ్ ద వరల్డ్స్' అచ్చువేశాడు. అంగారకుడి నుంచి వచ్చినవాళ్లు లండన్ మీద పడి ఊచకోత కోస్తారు. వాళ్లను తిట్టే ముందు, టాస్మేనియా జనాన్ని మన యూరపువాళ్లు ఏం చేశారో తలుచుకోండని మొదటి అధ్యాయంలోనే చురక పెట్టాడు. 1979లో డగ్లస్ ఆడమ్స్ ఇంకో నవల రాశాడు. అంతరిక్షంలో బైపాస్ రోడ్డు వేయాలని భూమినే కూల్చేస్తారు. నోటీసు ఎప్పుడో పెట్టాం, ఫలానా నక్షత్రం దగ్గరి ఆఫీసులో ఉంది, వెళ్లి చూసుకోవలసింది మీరే అంటారు. ఆయన నవ్వించడానికి రాశాడు. మనవాళ్లు దాన్ని ఆఫీసు మాన్యువల్ చేసుకున్నారు.

తెలుగులో సైన్స్ ఫిక్షన్ తగ్గిపోయిందని సాహిత్య సభల్లో ఒకటే ఏడుపు. యండమూరి 'యుగాంతం' తర్వాత ఏదండీ అంటారు. 'ఆదిత్య 369' తర్వాత ఏదండీ అంటారు. ఎందుకండీ ఏడుపు? సచివాలయం ఉందిగా! అక్కడ ఒక్కో సర్కారు ఒక్కో సంపుటి రాస్తోంది. 1999లో 'విజన్ 2020' వచ్చింది. 2020 వచ్చింది. కరోనా వచ్చింది. విజన్ మాత్రం రాలేదు. తర్వాత 'విశ్వనగరం' సీరియల్ మొదలైంది. డల్లాస్ అన్నారు. ఇస్తాంబుల్ అన్నారు. వానొస్తే మాత్రం వెనిస్ చేశారు. ఇప్పుడు 'ఫ్యూచర్ సిటీ'. 'తెలంగాణ రైజింగ్ 2047'. మూడు లక్షల కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ. రచయితల తెలివి చూడండి. గడువు వచ్చేనాటికి వాళ్లు పదవిలో ఉండరు, అడిగేవాడు భూమ్మీద ఉండడు. ఆ బొమ్మల పుస్తకాల్లో కారిడార్లు ఉంటాయి, టవర్లు ఉంటాయి, నవ్వే విదేశీ పెట్టుబడిదారులు ఉంటారు. ఆటో డ్రైవరు ఉండడు. పారిశుద్ధ్య కార్మికురాలు ఉండదు. చెరువు ఉంటుంది గానీ, స్విమ్మింగ్ పూల్ రంగులో ఉంటుంది.

అసలు చెరువు రంగు చూడాలంటే దుర్గం చెరువుకు రండి. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువు. 2020 సెప్టెంబరులో దాని నెత్తిన కేబుల్ బ్రిడ్జి వేశారు. రంగురంగుల లైట్లు పెట్టారు. సాయంత్రమైతే సెల్ఫీల జాతర. కింద నీళ్లు కంపుకొడితే? కారు అద్దం ఎత్తెయ్. ఏసీ పెంచెయ్. లైట్ తీస్కో!

సర్కారును తిట్టి చేతులు దులుపుకుందామా? మన సంగతేంటి? 'లేక్ వ్యూ' అంటే చదరపు అడుగుకు ఇంకో వెయ్యి ఎక్కువ పోసింది ఎవరు? లేక్‌ను మింగినవాడికే వ్యూ డబ్బులు కట్టింది ఎవరు? బ్రోచర్ మీద నెమలి బొమ్మ చూసి మురిసిపోయాం. ఆ నెమలి ఇప్పుడెక్కడుందని ఒక్కసారైనా అడిగామా? పొద్దున 'సేవ్ గచ్చిబౌలి' స్టేటస్. మధ్యాహ్నం సైట్ విజిట్.

వేరే లోకపు ప్రాణి దాకా ఎందుకు, మనిషికి మనిషితో పరిచయం ఎలా జరుగుతోందో చూడండి. ముప్పయ్యో అంతస్తు. ఫోను టింగుమంటుంది. గేటు యాప్. గేటు దగ్గర ఒక కుర్రాడు నిలబడ్డాడు, వీపున సంచీ, నెత్తిన హెల్మెట్. అనుమతించాలా, నిరాకరించాలా? బొటనవేలితో తీర్పిస్తాం. పైకి రావాలంటే లిఫ్టు దగ్గర బోర్డు ఉంటుంది. డెలివరీవాళ్లు, పనివాళ్లు సర్వీసు లిఫ్టు మాత్రమే వాడవలెను. ఇంట్లో కుక్కపిల్లకు మాత్రం మెయిన్ లిఫ్టే, పాపం దానికి మనోభావాలున్నాయి. ఆ కుర్రాడిది ఏ ఊరు? తెలియదు. పొద్దుట్నుంచి తిన్నాడా? తెలియదు. ఆలస్యమైతే రేటింగ్ కోయడం మాత్రం తెలుసు. నక్షత్రాలంటే మనకు తెలిసినవి ఆ ఐదే!

కాబట్టి రచయిత గారూ, గ్రహాంతరవాసులను పైనుంచి దించే ఖర్చు పెట్టుకోకండి. కావలసినంతమంది కిందనే ఉన్నారు. మీకు కొరవడిన పాత్ర వేరే ఉంది. వేలం ఫైలు ముందుకొస్తే, 'ఆగండి, అక్కడ ఎవరుంటున్నారో ఓసారి చూసొద్దాం' అనే మంత్రి. కళ్లముందున్న జింకను జింక అని నోట్ రాసే అధికారి. ఫ్లాటు బుక్ చేసే ముందు 'ఇక్కడ ఇదివరకు ఏముండేది?' అని అడిగే కొనుగోలుదారు. ఈ ముగ్గురినీ పుట్టించండి చాలు. నాలుగు కాలాలు నిలిచే సైన్స్ ఫిక్షన్ అవుతుంది. ఫిక్షన్ పాలు కొంచెం ఎక్కువైందని విమర్శకులు గొణుగుతారు, పట్టించుకోకండి.

ఇక ఏలినవారికి ఒక మనవి. మీరు నవలలు చదవనక్కర్లేదు. విజన్లు రాయనక్కర్లేదు. ఒక్క పేజీ చాలు. జీవో. కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు అమ్మం, తాకట్టు పెట్టం, చదును చేయం అని నాలుగు వరుసలు. కోర్టు చెవి మెలిపెడితే కాదు, మీ అంతట మీరు. అర్ధరాత్రి కాదు, పట్టపగలు. సెలవు రోజున జేసీబీని తోలడం వచ్చినవాళ్లకు, పనిరోజున ఒక సంతకం పెట్టడం ఎంతసేపు?